నత్త బండి

"హెల్మెట్ బెల్టులో వేలు దూరుతోందక్కా. ఇంకాస్త బిగించనా?" అన్నాడు టైలరు, కూతురి గడ్డం కింద తడిమి చూస్తూ.

"బిగిస్తే ఊపిరాడదు. నీ వేళ్లు సూదుల్లా ఉంటే దానిదా తప్పు? వదులు దాన్ని," అంది అక్క.

ఇసుక దిబ్బల దగ్గర పిల్లలకి నాలుగు చక్రాల క్వాడ్ బండ్లు నేర్పేది ఆ అక్కే. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతూ ఉంటుంది, అందుకే పిల్లలంతా విజిలత్త అంటారు. బూట్లు లేకుండా వస్తే ఎవరొచ్చి బతిమాలినా బండెక్కనివ్వదు. బండికి ఒక్కరే కూర్చోవాలి. దిబ్బకి అవతల ఏముందో కింద ఉన్నవాళ్లకి కనబడదు కాబట్టి, తను పైన నిలబడి పచ్చజెండా ఊపేదాకా ఎవరూ పైకి రాకూడదు.

ఇన్ని రూల్సూ తమ్ముడికి చాలలేదు. కూతురి మోచేతులకీ మోకాళ్లకీ దూది కూరి తనే తొడుగులు కుట్టాడు. బండి వెనక కర్రకి కట్టే జెండా కూడా దూరానికి ఆనాలని దుప్పటంత కుట్టుకొచ్చాడు. అది గాలికి పిల్ల మొహానికే చుట్టుకుంటోందని అక్క సగానికి కత్తిరించి పారేసింది.

ఇంతా చేసి, అతని ధైర్యమంతా ఒక చిన్న స్క్రూలో ఉంది. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ పక్కనే ఉంటుందది. దాన్ని బిగిస్తే ఎంత నొక్కినా బండి మనిషి పరుగును మించదు. కూతురు నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజే తన చేత్తో బిగించాడు. అప్పట్నుంచీ ప్రతి సెలవు రోజూ కూతురు బండి మీద, అతను పక్కన ఇసుకలో. పొద్దస్తమానం కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషి, నాలుగు అంగలు వేస్తే ఆయాసం. అయినా ఆగితే ఒట్టు. తోటి పిల్లలు రయ్యిన దాటిపోతూ "నత్తా, నత్తా" అని ఏడిపిస్తే కూతురు నవ్వి ఊరుకునేది. "మా నాన్న స్క్రూ బిగించాడు, నేనేం చేయను?" అనేది.

ఇవాళ్టి సంగతి వేరు. నేర్చుకున్న పిల్లలందర్నీ విజిలత్త పెద్దదిబ్బ మీదికి వరసగా తీసుకెళ్తోంది.

"మా దాన్ని చివర్లో పెట్టక్కా. మెల్లగా వస్తుంది."

"కుదరదు."

"నిదానమే ప్రధానం అని చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే."

"ఆలస్యం అమృతం విషం అని కూడా చెప్పాను. అది నీ బుర్రకెక్కలేదు. ఒరేయ్, అక్కడ వెనకబడ్డ బండి దిబ్బ చాటున ఉండిపోతుంది. అటునుంచి వచ్చేవాడికి అది కనబడదు, వచ్చి గుద్దేస్తాడు. వరసలో అందరిదీ ఒకే వేగం. అలా నడిపితే వస్తుంది, లేదంటే ఇక్కడే కూర్చుంటుంది."

"పక్కన నేను పరిగెడతాగా."

"బండ్ల దారిలో మనుషులు ఉండకూడదు. నిన్ను చూసుకోనా, పిల్లల్ని చూసుకోనా?"

టైలరు కూతురి వైపు తిరిగాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల అది. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నన్నాళ్లూ బయట నిలబడి చూడ్డమే తప్ప ముట్టుకోనివ్వలేదు. అప్పట్నుంచీ అది చేతికందనంత దూరం పోతే అతని ప్రాణం విలవిల్లాడుతుంది. అలాగని, అందరూ దిబ్బెక్కుతుంటే అదొక్కతే కింద కూర్చుని చూస్తుంటే ఆ మొహం తను చూడగలడా?

కూతురి దగ్గరికెళ్లాడు. "నీకు వెళ్లాలనుందా, బంగారం?"

కూతురు దిబ్బ వైపు చూసింది, అతని వైపు చూసింది. "నువ్వు రావుగా," అంది.

"నన్ను రావద్దంటోంది మీ అత్త."

"అయితే నువ్వెలా అంటే అలా, నాన్నా."

పిచ్చితల్లి, భయపడుతోంది అనుకున్నాడు. ధైర్యం చెప్పాల్సిన తండ్రి ఉగ్గుపాలతోనే భయం పోశాడు. అతనికి సిగ్గేసింది, పిల్ల మీద జాలేసింది.

"వెళ్తావు," అన్నాడు. "స్క్రూ వదులు చేస్తాను. అందరితో సమానంగా పో. నా కోసం వెనక్కి చూడకు. అత్త విజిల్ వినబడితే మాత్రం ఆపెయ్."

జేబులోంచి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ తీసి, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. యాక్సిలరేటర్ పక్కన తడిమాడు, వంగి చూశాడు. స్క్రూ ఉండాల్సిన చోట ఖాళీ కన్నం, దానికో రబ్బరు బిళ్ల.

"అక్కా, స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయింది."

"పడిపోలేదు, నేనే తీసేశాను. పరీక్ష పాసైన పిల్లలకి తీసేస్తాను, అది నా రూలు. వానలకు ముందే తీశాను, మరదల్ని అడిగే."

"నాతో ఒక్క మాట..."

"నీతో చెబితే నువ్వు నిద్రపోవు, మమ్మల్ని నిద్రపోనివ్వవు. అది జోరుగా పోయిన రోజు నీకే తెలుస్తుందిలే అనుకున్నాను."

ఇన్నాళ్లూ స్క్రూ లేని బండి మీద తిరిగిందా తన కూతురు? ఆ వెంటనే ఇంకో అనుమానం వచ్చింది.

"మరి బండి జోరుగా పోదేం? ఇంజను పాడైందా?"

"ఇంజనుకేం, గుండ్రాయిలా ఉంది. పొద్దున నేనే నడిపి చూశాను. పిల్లే భయస్తురాలు, తండ్రి పోలిక అనుకుని ఊరుకున్నా."

"స్క్రూ తీసినట్టు దానికి తెలీదేమో."

"దాని కళ్లముందే తీశాను రా."

ఇద్దరూ పిల్ల వైపు తిరిగారు. టైలరు మోకాళ్ల మీంచి లేవలేదు.

"తెలిసీ ఎందుకమ్మా అంత మెల్లగా నడిపావు?"

కూతురు హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"నువ్వు వెనకబడిపోతావని, నాన్నా."