సైలెన్సర్ వేడి

వన్ టౌన్‌లో ఒక గోడౌన్ పైగదిలో కూర్చుని జుబియా రెజిన్ ప్లాస్టిక్ బొమ్మలకు రంగులు వేస్తుంటుంది. ఆ రాత్రి ఆమె ముందున్నది జానెడు బైకు. కిందటి వానాకాలం, పక్కవీధిలో ఉండే పిన్నిలాంటి ఆమినాబీ కొడుకు అష్ఫాక్ జోరువానలో అలాంటి బండి మీదే పామర్రు బయలుదేరాడు. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు. బొమ్మయినా కళ్లముందు ఉంచుకుంటానని ఆ తల్లి బతిమాలింది.

నిగనిగలాడే నలుపు మీద ఉక్కురంగు పలచగా పట్టించి, సైలెన్సర్ వంపులో కాలిన ఇనుముకుండే నీలిఛాయ అద్దింది జుబియా. అచ్చం లోహంలా మెరిసింది. ఆరిందో లేదోనని వేలు ఆనించింది. అప్పుడే తిరిగొచ్చిన బండి సైలెన్సర్‌లా చురుక్కుమంది. చూస్తుండగానే వేలు బొబ్బెక్కింది. అంత వేడికి రెజిన్ మెత్తబడి వంగిపోవాలి. వంగలేదు.

వెంటనే ఆమినాబీకి ఫోన్ చేసింది.

"ఖాలా, బాగానే ఉన్నారా?"

"ఉండమ్మా, వాకిట్లో బండి ఆగింది. మావాడి బండి చప్పుడే! తలుపు తీస్తున్నా."

"తీయకండి ఖాలా!"

గడియ తీసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటే ఆమినాబీ గొంతు, మురిపెంగా:

"ఇంతలా తడిసిపోయావేంట్రా బేటా?"

జుబియా కిటికీలోంచి చెయ్యి చాపింది. బయట చినుకైనా పడడం లేదు.