అలిగిన బావి

"ముందే చెబుతున్నా, ఆ కథ జోలికి వెళ్లారంటే ఈ కొట్టు పీకి పందిరేస్తా!"

గుమ్మంలో నిలబడి ఉరుము అరిచిన అరుపుకి గోడకి ఆనించిన డప్పు తనంతట తానే ఒకసారి మోగింది. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. ఆయన నోరు తెరిస్తే పక్కవీధివాళ్లు వాన వస్తోందని ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవారు. ఎవరినో ఒకరిని తిట్టకుండా పూట గడిస్తే ఆయనకి తిన్నది అరగదు.

ఉత్సవాల్లో చిన్న చిన్న గదుల్లో జనాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని కథలు చెప్పే బృందం వాళ్లది. మొత్తం ముగ్గురే. ఉరుము, తమ్ముడు చిన్నోడు కథ చెబితే, చిన్నోడి భార్య డప్పు కొట్టేది. కిందటేడు ఇదే ఉత్సవంలో, నాన్న నేర్పిన 'అలిగిన బావి' కథని చిన్నోడు మాటిమాటికీ నీళ్లు తాగుతూ, కురచ చేసి, గొణుగుతున్నాడని ఉరుము మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

నిన్న మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, ఈసారి ఆ కథకి ముగింపు మార్చేశాం. మీకు చెప్పకుండా చెయ్యడం బాగుండదని..."

అంతే. ఉరుము రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులతో బస్సెక్కాడు.

ఈ ఏడు వాళ్లకి ఇచ్చింది మూతబడ్డ కుట్టుమిషన్ల కొట్టు. కిటికీలకి నల్లగుడ్డ కట్టి, నేల మీద రెండు జంపఖానాలు పరిచి, మధ్యలో లాంతరు పెట్టారు. కథకుడి పీట మీద చిన్నోడు మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. అన్నని చూసి లేచాడే గానీ పలకరించలేదు.

"ఏరా, నాన్న కథ నీ ఒక్కడి సొత్తా? ముగింపు మార్చమని ఎవడు చెప్పాడు?"

చిన్నోడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఆట ఉన్న రోజు కథకుడు కథలో తప్ప నోరు విప్పకూడదు," అంది మరదలు. "మీరు పెట్టిన నియమమే కదా బావగారూ."

"నేను చేయించిన తాళం నా గుమ్మానికే వేస్తున్నారా!"

"తిట్లేవో ఆట అయ్యాక తిట్టండి. ఇవాళ ఆట చెడితే ఉత్సవం వాళ్లు మళ్లీ పిలవరు. బృందం మూసుకోవాల్సిందే."

"మూసుకోండి! నాన్న కథని ఖూనీ చేసేకంటే అదే నయం."

అన్నాడే గానీ కదల్లేదు. తప్పు ఎక్కడ పడుతుందో పట్టుకుని మరీ తిట్టాలని వెనక గోడకి ఆనుకుని కూలబడ్డాడు. జనం వచ్చి ఆయన ముందు సర్దుకుని కూర్చున్నారు.

లాంతరు వెలిగింది. పీట మీద చిన్నోడు దొరలా కూర్చున్నాడు. కథ ఎత్తుకున్నది మాత్రం మరదలు. ఉరుముకి ఒళ్లు మండిపోయింది. పెళ్లాం చేత చెప్పించి తను ఉత్సవ విగ్రహంలా కూర్చోవడమా! ఎంత బలుపు!

"అనగనగా ఒక ఊళ్లో ఒక బావి. ఊరివాళ్లు రోజూ దాని గట్టు మీదే పోట్లాడుకునేవాళ్లు. బావికి విసుగొచ్చి ఒకరోజు లేచి వెళ్లిపోయింది," అంది మరదలు.

"ఊరికే వెళ్లలేదు," ఉరుము పళ్లు నూరాడు. "గిలకని చెవికి పెట్టుకుని, గట్టుని నడుముకి చుట్టుకుని మరీ వెళ్లింది."

ముందు కూర్చున్నావిడ వెనక్కి తిరిగి నవ్వింది. మరదలు విననట్టే సాగించింది.

"ఊరివాళ్లు కాసేపు వెతికి, ఇక లాభం లేదని ఇంకో బావి తవ్వుకున్నారు."

"ఏంటీ?" ఉరుము లేచాడు. డప్పు మళ్లీ మోగింది. "బావి అలిగితే ఇంకోటి తవ్వుకుంటారా? అదేమన్నా తెగిన చెప్పా, పారేసి కొత్తది కొనుక్కోడానికి?"

"అయితే ఏం చేశారో మీరే చెప్పండి!" మరదలూ అంతే విసురుగా అంది.

"చెబుతా! చెప్పక చస్తానా!"

జనాన్ని దాటుకుంటూ లాంతరు దగ్గరికి వచ్చాడు. చిన్నోడు పీట ఖాళీ చేసి కింద కూర్చున్నాడు. ఆ వినయం చూసి ఉరుముకి ఇంకా మండింది. ఆ మంట మీదే కథ అందుకున్నాడు.

ఊరంతా మోకులు పట్టుకుని బావి వెంటపడింది. బావి కొండెక్కితే కొండ నాని జారిపోయింది. ఎండలో నడిస్తే లోపలి చేపలు గొడుగులు కావాలని గోల చేశాయి. ఎద్దుల్ని కట్టి లాగబోతే ఎద్దులే లోపల పడి, ఈత నేర్చుకుని బయటికొచ్చాయి. నవ్వలేక జనం కడుపులు పట్టుకున్నారు. డప్పు పడాల్సిన చోటల్లా పడింది. చిన్నోడి పెదవులు కథతో పాటే చప్పుడు లేకుండా కదులుతున్నాయి. 'నాకే పరీక్ష పెడుతున్నాడు వెధవ,' అనుకుని ఉరుము ఇంకాస్త రెచ్చిపోయాడు.

"ఆఖరికి ఒక ముసలమ్మ వెళ్లింది," అని గొంతు దించాడు. "మోకుల్లేవు, ఎద్దుల్లేవు. బావి మీదకి వంగి 'ఇంటికి రావే' అని పిలిచింది. లోపల్నుంచి అదే మాట తిరిగొచ్చింది. బావికి సొంత గొంతెక్కడిది? వంగి పిలిచినవాళ్ల గొంతే దాని గొంతు. ఆ మాట తనే అన్నాననుకుని బావి సిగ్గుపడి, ముసలమ్మ వెనకే ఇల్లు చేరింది."

చప్పట్లతో కొట్టు దద్దరిల్లింది. ఉత్సవం నడిపే పెద్దమనిషి గుమ్మంలోంచే, "వచ్చే ఏడూ ఈ కథే, ఈయనే చెప్పాలి," అనేసి వెళ్లాడు.

జనమంతా వెళ్లినా ఉరుము చల్లారలేదు.

"ఇదీ నాన్న కథంటే! ఆట అయిపోయింది, నియమమూ అయిపోయింది. ఇప్పుడు విప్పరా నోరు! ఎందుకు చెప్పలేదు నువ్వు? బద్ధకమా? పొగరా?"

మరదలు డప్పు కింద పెట్టి ముఖం తిప్పుకుంది.

చిన్నోడు మెడకున్న తువ్వాలు విప్పి, డాక్టర్లు గొంతు తీసేసిన చోటు చూపించాడు.