కుదరదమ్మ

"ఇప్పుడు కుదరదు" అంటూ ఆవిడ వెల్డరు ఇచ్చిన రాజీనామా కాగితాన్ని బల్ల సొరుగులో పడేసింది.

వెల్డరుకి ఒళ్ళు మండింది.

ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగుల సెలవులూ, ఇన్సూరెన్సూ చూసే ఆవిడకి అందరూ కలిసి పెట్టిన పేరు కుదరదమ్మ. అసలు పేరు ఎవరికి తెలుసో ఏమో. ఏది అడిగినా ముందు ఆ మాటే వస్తుంది. నవ్వితే జీతంలో కోత పడుతుందన్నట్టు ఉంటుంది ముఖం.

"ఎందుకు కుదరదు మేడం? అవతల ఇంతకన్నా మంచి జీతం. సోమవారమే చేరమన్నారు."

"నీ భార్యకి ఎన్నో నెల?"

"ఏడో నెల. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఇక్కడ పని మానేసిన రోజుతో ఇన్సూరెన్సు ఆగిపోతుంది. నీదీ, నీ ఇంట్లోవాళ్ళదీ. అక్కడ కాన్పు ఖర్చు చేరిన రోజు నుంచే ఇస్తారా? కనుక్కున్నావా?"

"పెద్ద కంపెనీ. అన్నీ ఉంటాయి."

"ఉంటాయి. ఎప్పటినుంచి అని అడుగుతున్నా. కాన్పయ్యాక వెళ్ళు నాయనా."

"అప్పటిదాకా ఆ ఉద్యోగం నా కోసం కూర్చుని ఉంటుందా?"

ఆవిడ సొరుగు మూసి తాళం వేసింది.

అక్కణ్ణుంచి మొదలయింది తిప్పడం. ఒకరోజు హెల్మెట్ వాపసు ఇవ్వలేదంది. ఇచ్చాడు. ఇంకోరోజు స్టోరు వాళ్ళ సంతకం లేదంది. చేయించుకొచ్చాడు. ఆ సంతకం ఉండాల్సిన చోట లేదంది. మధ్యాహ్నం వెళ్తే కుర్చీ ఖాళీ.

"మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిడ ఉండదు" అన్నారు పక్క బల్లవాళ్ళు. ఎక్కడికి వెళ్తుందో వాళ్ళకీ తెలీదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్త కంపెనీ నుంచి ఫోన్ మీద ఫోన్. చివరికి ఓపిక నశించి వెల్డరు మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"నా కాగితం తొక్కిపెట్టింది సార్. పైగా వారానికి రెండుసార్లు మధ్యాహ్నమే మాయం. మేము మంచినీళ్ళకి లేచినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆవిడకి మాత్రం ఏ రూలూ లేదు."

మేనేజరు ఆవిణ్ణి పిలిపించాడు. "ఇతని రాజీనామా ఏది?"

ఆవిడ ఒకసారి వెల్డరు వైపు చూసింది.

"పోయింది సార్. ఎక్కడో పారేసుకున్నాను."

"పారేసుకున్నారా?"

"నాదే తప్పు."

తగిన శాస్తి జరిగిందని వెల్డరు లోలోపల సంబరపడ్డాడు. రేపు ఇంకోటి రాసి నేరుగా నాకే ఇవ్వు అన్నాడు మేనేజరు.

రాయడానికి తీరిక దొరకలేదు. తెల్లారేసరికి భార్యకి నొప్పులు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సెలవు చెప్పి ఆసుపత్రికి పరుగెత్తాడు.

తల్లికి ఆపరేషన్ చేశారు. నెలలు నిండని పాప గుప్పెడంత ఉంది. గాజుపెట్టెలో పెట్టి గొట్టాలు తగిలించారు. బతుకుతుందా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. వెల్డరు గోడకి ఆనుకుని ఏడ్చాడు.

మర్నాడు ఆసుపత్రి ఇన్సూరెన్సు కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి చెప్పింది. "కంగారు పడకండి. తల్లికి కవర్ ఉంది. పాపని కూడా చేర్చారు."

"పాపనా? నేనింకా ఎవరికీ చెప్పలేదే."

"మీ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి కనుక్కుంది. ఈ హడావుడిలో తండ్రి మర్చిపోతాడు, గడువు దాటితే చేర్చుకోరు, నేనే చేర్పిస్తున్నా అంది."

అప్పుడు గుర్తొచ్చి కొత్త కంపెనీకి ఫోన్ చేసి అడిగాడు. కాన్పు ఖర్చు ఇస్తాం, కానీ చేరిన ఏడాదికి అన్నారు.

వెల్డరు ఫోన్ పెట్టేసి గాజుపెట్టె దగ్గరికి నడిచాడు.

పాప గాజుపెట్టెలోంచి తల్లి పక్కలోకి చేరాక ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఆవిడ కుర్చీలో ఎవరో కొత్తమనిషి.

"తీసేశారుగా బాబూ" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ తాత. "నువ్వు ఫిర్యాదు చేసిన వారమే. కాగితం పోగొట్టినందుకు, పనివేళలో బయటికి పోయినందుకు."

"నిజంగా పోయిందా తాతా, ఆ కాగితం?"

"పోవడమేంటి? ఆవిడ సంచిలోనే ఉంది. తీసేసిన రోజు బస్సు దాకా సంచి మోసింది నేనే. ఉందని చెప్తే ఆ పూటే నీ పేరు కొట్టేసేవాళ్ళంట. ఆ పిల్ల కాన్పు గడవనీ తాతా అంది."

"మరి ఆ మధ్యాహ్నాలు ఎక్కడికి వెళ్ళేది?"



"వాళ్ళాయనకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళేది. ఆ వైద్యమంతా ఆవిడ ఉద్యోగం మీదున్న ఇన్సూరెన్సుతోనే నడిచేది."

పని మానేసిన రోజుతో ఆగిపోతుంది. నీదీ, నీ ఇంట్లోవాళ్ళదీ. ఆ మాట ఇప్పుడు వినబడింది వెల్డరుకి.

ఇల్లు ఎక్కడో కనుక్కుని బయల్దేరాడు. శుక్రవారం, మధ్యాహ్నం. తలుపుకి తాళం వేసి ఉండాలని దారంతా మొక్కుకున్నాడు. తాళం ఉంటే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళినట్టే.

తలుపు తెరిచే ఉంది. ఆవిడ గడప దగ్గర కూర్చుని ఉంది. వెనక గదిలో మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"అమ్మా" అన్నాడు, మొదటిసారిగా. "ఇవాళ శుక్రవారం కదా. ఆసుపత్రికి..."

"ఇక వెళ్ళే పని లేదు నాయనా. ఆయన పోయారు."

వెల్డరు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

ఆవిడే అడిగింది. "బిడ్డకి పేరు పెట్టారా? ఇన్సూరెన్సు కార్డులో 'పాప' అనే రాయించాను, మార్పించుకో."