చూడకుండా విరగ్గొట్టాల్సిన టేపు

సుత్తి దెబ్బకు, రికార్డుల కాపీలు టేపుల్లో దాచే బ్యాకప్ ఆపరేటర్ చిటికెన వేలు నలిగిపోయింది. గదిలో సర్వర్లు అప్పటికే తుక్కయ్యాయి. ఒక్క కంప్యూటరు మిగిలింది.

"గోడౌన్ కెమెరా రికార్డింగు కాపీ ఏ టేపులో ఉంది?" అన్నాడు రౌడీ.

ఆపరేటర్ నెత్తురోడే చేత్తోనే అల్మారాలోంచి ఒకటి తీసిచ్చాడు.

చూడకుండా విరగ్గొట్టి రమ్మన్నాడు ముఠా నాయకుడు పెద్దన్న. కానీ అల్మారాలో అలాంటివే ఎనభై ఉన్నాయి.

"వేరేది అంటగట్టలేదని ఏంటి నమ్మకం?"

"పైన చీటీని నేనే నమ్మను బాబూ. ఎప్పుడైనా వేసి చూసుకోవాల్సిందే."

"అయితే వెయ్యి. మోసమైతే ఈసారి మెడ."

తెర మీద గోడౌన్ కనబడింది. పెద్దన్న ఒకణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టి మూడుసార్లు పొడిచాడు. వాడు వెల్లకిలా పడ్డాడు.

వాడు ఈ రౌడీ సొంత తమ్ముడు.

లారీ గుద్దిందని చెప్పి, శవం పక్కన అందరికంటే ఎక్కువ ఏడ్చింది పెద్దన్నే.

ఫోన్ మోగింది. "విరగ్గొట్టావారా?"

"ఆ, అయిపోయిందన్నా. వస్తున్నా. ఇంట్లోనే ఉండు."

రౌడీ తన రుమాలు తీసి ఆపరేటర్ వేలికి చుట్టాడు. తర్వాత సుత్తి అందుకున్నాడు.

"దీనికి ఇంకో కాపీ తియ్యి. సాయంత్రానికి నేను రాకపోతే పోలీసులకివ్వు."