శుక్రవారం టిక్కు

“ఆ ఒక్క వరుసా తీసెయ్. పీడా పోతుంది,” అన్నాడు మేనేజరు.

“తీయను,” అంది ఆమె.

ఆఫీసులో ఆయన సార్. ఇంట్లో మేనమామ. ఈ మందుల కంపెనీ ల్యాబులో ఆమెకు ఉద్యోగం వేయించింది ఆయనే. ఇవాళ సార్ గొంతు పోయి మావయ్య గొంతు వచ్చింది.

తెరమీద వరుసలు బారులు తీరి ఉన్నాయి. ల్యాబు కంప్యూటర్లలో ఎవరు ఏది నొక్కినా అక్కడ పడుతుంది. పేర్లుండవు. ఏ నంబరు ఉద్యోగి, ఎన్ని గంటలకు, ఏం మార్చారు, అంతే. ఆ వరుసల్ని చెరిపే పాస్‌వర్డు మాత్రం ల్యాబులో సీనియర్ అయిన ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది.

చూడ్డానికి చిన్న సంగతే. పసిపిల్లల జ్వరం సిరప్పుకు రెండో పరీక్ష ‘అయింది’ అని శుక్రవారం నాలుగుంపావుకు టిక్కు పడింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పరీక్ష మిషను ఆన్ చేసినట్టు మాత్రం ఒక్క వరుసా లేదు.

“శుక్రవారం టిక్కు అందరూ కొట్టేదే కదే! మొదటి పరీక్ష పాసైతే రెండోది ఎప్పుడైనా ఫెయిలయిందా? పదేళ్లుగా చూస్తున్నాం.”

“చూడ్డం లేదు మావయ్యా. టిక్కు కొడుతున్నాం.”

ఆమెకు ఒళ్లు మండిపోతోంది. ఆ టిక్కు మీద, అది కొట్టిన చేతి మీద.

“మెల్లగా. పేరెత్తకు, గోడలకు చెవులుంటాయి.” ఆయన తలుపు వైపు చూశాడు. తనిఖీకి వచ్చిన అధికారిణి పక్కగదిలో ఉంది. “ఆ వరుస బయటపడితే సరుకంతా వెనక్కి తెప్పిస్తారు. టిక్కు కొట్టిన మనిషి ఉద్యోగం ఊడుతుంది. ఇంకే ల్యాబు గుమ్మమూ తొక్కనివ్వరు. ఇద్దరు పిల్లలున్న మనిషి.”

“ఆ సిరప్పు తాగేదీ పిల్లలే.”

“తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగే?”

“కుందేలు సంగతి వదిలెయ్. ఆరువేల సీసాలు నిన్న లారీ ఎక్కాయి.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మీ అమ్మకు నా మొహం ఎలా చూపించను?”

ఆయన కీబోర్డు మీదకు చెయ్యి చాపాడు.

“పాస్‌వర్డు చెప్పు. నేనే తీస్తా. నీ చేతికి మట్టి అంటదు.”

ఆమె కీబోర్డును లాగి ఒళ్లో పెట్టుకుంది.

“నా చెయ్యి సంగతి నాకొదిలెయ్, సార్.”

ఆ ‘సార్’తో ఆయన చెయ్యి వెనక్కి వెళ్లింది. ఆమె ప్రింటు కొట్టింది. కాగితం వెచ్చగా బయటికొచ్చింది. దాన్ని పట్టుకుని, తలుపైనా తట్టకుండా పక్కగదిలోకి నడిచి, బల్లమీద పెట్టింది. మేనేజరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అధికారిణి కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరుసా చదివింది. నాలుగుంపావు దగ్గర ఆగింది.

“ఎవరండీ ఇది?” అంది, ఆ వరుసలోని నంబరు మీద వేలుపెట్టి.

ఆమె తన మెడలోని గుర్తింపు కార్డు తీసి, అదే నంబరు కనిపించేలా తిప్పి, ఆ వేలి పక్కన పెట్టింది.