సున్నం గీత

“కదలకు అల్లుడూ, కిందకి చూడకు,” అన్నాడు వెంకటరామయ్య.

వద్దన్నాక సుజిత్ చూడనే చూశాడు. శామీర్‌పేట గుట్ట అంచు నుంచి జారి, రెండు నిలువుల కింద, బూటంత వెడల్పున్న రాతి మెట్టు మీద నిలబడ్డాడు. ఆ కింద పాత క్వారీ గొయ్యి.

మేకలు కాసే శంకరయ్య బండకు తాడు చుట్టి, కొస కిందికి వదిలాడు. “సంకల కిందికెల్లి కట్టుకో బిడ్డా. పరేషాన్ గాకు.”

పని చేసేవాడు దొరికాడు కాబట్టి, తూంకుంట కాలనీ వాకర్స్ క్లబ్ అధ్యక్షుడైన వెంకటరామయ్య విచారణ మొదలుపెట్టాడు. “ఇంత ప్రమాదమైన చోట ఒక్క హెచ్చరిక లేదు. బాధ్యుడెవడో తేలాలి.”

“ఉండె సారు. గీ అంచు వదులుగుంటదని మేం ఏటా సున్నంతోటి అడ్డగీత గీస్తం. గీత కాడికి రాంగనే మేకలను ఎనకకు మల్లేస్తం.”

“మరి ఏదా గీత?”

“పోయిన ఐతారం ఎవలో ఇనుప బ్రష్షుతోటి గీకిన్రు. మస్తు కష్టపడ్డట్టున్నరు, సుక్క గూడ మిగల్చలే.”

“వాడి పేరు చెప్పు. జైల్లో పెట్టిస్తాను.”

శంకరయ్యకు పేరు తెలియదు. సుజిత్‌కు తెలుసు. ‘కొండకు పట్టిన మరకలు వదిలించాం’ అంటూ క్లబ్ గ్రూపులో పెట్టిన ఫొటో తీసింది తనే. పెళ్లయిన ఏడాదిలో మామగారికి ఎదురు చెప్పింది లేదు. కానీ ఆ మెట్టు మీద తనకే చోటు లేదు, ఇక మర్యాదకెక్కడిది?

తాడు ముడి గట్టిగా బిగించుకున్నాడు.

“రాసుకోండి మామయ్యగారూ,” అన్నాడు. “వెంకటరామయ్యగారు.”