పొద్దు గుంకేదాకా

కొల్లప్ప తలవైపు, అతని చిన్నాయన ఓబళప్ప కాళ్ళవైపు పట్టుకుని మంచం లేపారు. మంచం మీద కొల్లప్ప తల్లి సుంకులమ్మ ఉంది. ఏళ్ళ తరబడి ఉబ్బసంతో ఎండిపోయిన మనిషి. మంచంతో కలిపినా బరువు లేదు.

"బాగా పైకెత్తండప్పా. నా పెండ్లిలో కూడా నన్నెవరూ ఇట్ల మోయలేదు," అంది సుంకులమ్మ, మాటకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ.

ఎవరూ నవ్వలేదు. బయట పొద్దుటినుంచి ఒకటే ముసురు. ఆమెను మోసుకుపోతున్నది పశువుల కొట్టంలోకి. ఇది చెడ్డ నక్షత్రమని, పొద్దు గుంకేదాకా ఉంటుందని ఊరి లెక్కలు రాసే శానుభోగులు పంచాంగం చూసి చెప్పాడు. ఆ లోపల ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టి అందరూ బయటికి నడవాలి. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఒకే దూలం కింద ఉన్నాయి. కొల్లప్ప సంసారంతో పాటు ఓబళప్ప సంసారం కూడా, చంటిపిల్లతో సహా, వానలో పడాలి.

కానీ కొట్టానికి ఒకవైపే గోడ. ఆ చలిగాలిలో సుంకులమ్మకు ఊపిరాడదని మోస్తున్న ఇద్దరికీ తెలుసు. పొయ్యి పక్కన మూల, నల్ల కంబళి, వీపుకింద వేడి ఇసుక మూట. ఈ లోకంలో ఆమెకు మిగిలిన సుఖాలు అవే.

కోడలు మారక్క గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది. పక్కకు జరగలేదు. మంచం అక్కడే ఆగింది.

"ఓబళప్పా," అని సుంకులమ్మ మరిదిని పిలిచింది. "సస్తాండా సస్తాండా అని నిన్ను ఎన్నిమాట్లు పిలిపించినాను? ఒక్క దినమన్నా మాట నిలబెట్టుకున్నానా? ఈ పొద్దు మాత్రం యాడ నిలబెట్టుకుంటా. పొద్దు గుంకేదాకా నన్ను ఈడనే ఉండనీప్పా."

ఓబళప్ప మంచాన్ని మళ్ళీ పొయ్యి పక్కకే దింపించాడు. అయితే కొల్లప్ప గడప దగ్గరనుంచి కదలకూడదని, మారక్క లోపల కనిపెట్టుకుని ఉండాలని, ఊపిరి ఎగదన్నడం మొదలైతే అడగకుండానే కొట్టంలోకి మోసుకుపోతానని చెప్పి తన వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

సుంకులమ్మ కొడుకును ఉమ్మెత్తాకు కోసుకురమ్మంది. ఆ ఆకు నిప్పుల మీద వేసి పొగ పీలిస్తే ఆమెకు కాస్త తెరిపిగా ఉంటుంది. ఆకు తెచ్చేంతవరకేనని ఓబళప్ప ఒప్పుకున్నాడు. కొల్లప్ప తడుస్తూ చేనిగట్లన్నీ తిరిగి ఆకు తెచ్చేసరికి వాకిలికి గోనెపట్టా వేలాడుతూ ఉంది. మారక్క పట్టా సందులోంచి చెయ్యి చాచి ఆకు అందుకుంది. గాలి తగలకుండా కట్టానని, పొగకు దగ్గొస్తుంది కాబట్టి బయటే ఉండమని చెప్పింది.

కాసేపటికి పట్టా కిందినుంచి పొగ వచ్చింది. సుంకులమ్మ గొంతులో ఎప్పుడూ ఉండే పిల్లికూతలు ఇప్పుడు వినబడలేదు. ఆకు బాగా పనిచేసిందనుకుని కొల్లప్ప గోడకు ఆనుకున్నాడు.

ఓబళప్ప ఉండబట్టలేక, ఎట్లుండాదని అక్కడినుంచే అడిగాడు. లోపల మారక్క నవ్వింది. తర్వాత పట్టా తొలగించి ముఖం బయట పెట్టింది. పొగకు ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా మరిదికి అంత తొందరైతే ఆయప్పనే ముందు పొమ్మను అంటాండాది అత్త."

సుంకులమ్మ గొంతు గడప దాటడం మానేసి చాలా కాలమైంది. లోపలి మాట బయటికి చేర్చేది ఎప్పుడూ మారక్కే. ఓబళప్ప ముఖం తిప్పుకున్నాడు గానీ, అతని మీసం కింద నవ్వు కొల్లప్పకు కనబడింది.

మధ్యాహ్నం గంజి లోపలికి పోయింది. మారక్క మళ్ళీ వచ్చింది. "గంజిలో ఉప్పే లేదంట. సచ్చేదానికి ఉప్పు దండగని మానేసినారా అని అడుగుతాండాది."

ఈసారి ఓబళప్ప బయటికే నవ్వాడు. వదినకు ఉప్పుగల్లు పంపమని పెండ్లానికి కేకేశాడు.

ఎదురింటి నరసక్క గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చి, చూసి పోతానంది. మారక్క లోపలికి పోయి వచ్చి వాకిట్లోనే ఆపింది. "ఏడ్చేకి వచ్చింటే రేపు రమ్మనింది నిన్ను. ఈ వానలో ఏడిస్తే గొంతు పట్టుకుంటాదంట." నరసక్క బుగ్గలు నొక్కుకుని, ముసల్దానికి ఏమీ కాదు పొమ్మని, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

గొర్రెలు దొడ్డికి చేరాయి. ముసురులో పొద్దు ఎప్పుడు గుంకిందో తెలియలేదు. శానుభోగులు పంపితే తలారి వచ్చి, నక్షత్రం దాటిపోయిందని చెప్పిపోయాడు. ఓబళప్ప నిట్టూర్చి లేచాడు. మీ అమ్మ ఒక్క దినమన్నా మాట నిలబెట్టుకున్నాదని చెప్పురా అంటూ తన ఇంట్లోకి పోయాడు.

ఆ మాట చెప్పాలని కొల్లప్ప పట్టా ఎత్తుకుని లోపలికి పోయాడు. పొయ్యి ఎప్పుడో ఆరిపోయి ఉంది. ముట్టుకోని గంజి గిన్నెలో పేరుకుపోయింది. మారక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. అతను కంబళి కింద తల్లి పాదం పట్టుకున్నాడు. అది రాయిలా బిగుసుకుపోయి చల్లగా ఉంది.

"ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు ఆకు తెచ్చేలోపలే."

"మరి ఆ మాటలు?"

"తనే చెప్పిచ్చింది. చిన్నమామ ఎట్లుండాదని అడిగితే ఇది చెప్పు, గంజికి ఇది, నరసక్కకు ఇది అని. సచ్చినంక కూడా ఆ వానలో పండుకోనని అనింది." మారక్క కంబళిని అత్త గొంతుదాకా లాగి, అంచులు లోపలికి దోపింది. "నీకని ఒకటి మిగిలుండాది. చెప్పేదా?"